ముందు ఎవరు అడగాలి

ఖతార్ గురించి నేను చాలా ఏళ్ళు ఉపన్యాసాలు ఇచ్చాను. పోయిన చలికాలం వరకూ ఆ దేశంలో అడుగు పెట్టలేదు. ఆ సంగతి ఏ సభలోనూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

చెప్పకుండా వదిలేసిన మాట ఇంకొకటి ఉంది. అది దీనికంటే చెడ్డది.

మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారన్నది నా శాస్త్రం. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో దాన్ని బోధిస్తాను. నాకు పేరు తెచ్చిన పరిశోధన ఒక్కటే. ఖతార్‌లో రెండు లేబర్ క్యాంపుల్లో, మన తెలుగు కార్మికుల మీద చేసింది. మొదటి క్యాంపులో సెలవు మీద ఇంటికి వెళ్ళాలనుకున్నవాడు ఫోర్‌మన్‌కి నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే సెలవు మరుసటి ఏడాదికి వాయిదా. రెండో క్యాంపులో వంతులవారీగా అందరికీ సెలవు దానంతటదే వస్తుంది. వద్దనుకున్నవాడే చెప్పాలి. మొదటి చోట దాదాపు ఎవరూ అడగలేదు. రెండో చోట దాదాపు ఎవరూ వద్దనలేదు. అడగనివాడికి నిజంగా వెళ్ళాలని లేదు, పంపిస్తే వెళ్తాడు, అంతే అని నేను తేల్చాను. రెండు క్యాంపుల లెక్కల్ని రెండు బార్లుగా గీసిన బొమ్మ తెర మీద చూపించి, "వాళ్ళ పాటల్లో ఇల్లు ఉంటుంది, నిర్ణయాల్లో ఉండదు" అనేవాణ్ణి. ఏ దేశంలో చెప్పినా అక్కడ సభ నవ్వేది. ఆ నవ్వు మీదే నేను ప్రొఫెసర్‌నయ్యాను, డీన్‌నయ్యాను.

ఆ క్యాంపుల్లో తిరిగి మనుషులతో మాట్లాడి వచ్చింది గంగాధర్. నిర్మల్ దగ్గరి పల్లెవాడు, అప్పుడు నా దగ్గర పరిశోధక విద్యార్థి. అతని బావ అక్కడ మేస్త్రీ కాబట్టి లోపలికి వెళ్ళగలిగాడు. తిరిగొచ్చాక, వాళ్ళు అడగకపోవడానికి వేరే కారణం ఉందని నాకు చెప్పాడు. ఆ కారణం ఏమిటో ఖతార్ ఉత్తరాన ఉన్న రువైస్ గురించి చెప్పేటప్పుడు రాస్తాను, నా కళ్ళతో చూసింది అక్కడే కాబట్టి. నేను దాన్ని పిట్టకథ అన్నాను. వ్యాసంలోకి రానివ్వలేదు. గంగాధర్ తన థీసిస్‌లో మాత్రం దాని మీద ఒక అధ్యాయం రాసుకున్నాడు. థీసిస్ సమర్పించే ముందు జరిగే సెమినార్‌లో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు. "ఇది నిజమైతే మీ గైడు వ్యాసం తప్పవుతుంది కదా. ఆయనకి అప్పుడే చెప్పలేదా?"

"చెప్పిన సార్" అన్నాడు గంగాధర్.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

అబద్ధం ఆడలేదు. ఒక్క మాట కూడా అనలేదు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకునేసరికి గదిలో వాళ్ళంతా ఒక నిర్ణయానికి వచ్చేశారు. థీసిస్ వెనక్కి వెళ్ళింది, గడువు పొడిగించలేదు. గైడు మీదకి నెట్టి తప్పించుకోబోయినవాడన్న పేరు గంగాధర్‌కి మిగిలింది. డిగ్రీ కాలేజీల్లో ఉద్యోగాలకి వెళ్తే ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు ఉండేవారట. కొన్నాళ్ళకి అతనూ ఖతార్ వెళ్ళిపోయాడని విన్నాను.

దోహాలో ఒక సదస్సుకి పిలుపు వచ్చినప్పుడు, ప్రయాణాలంటే విసుగు పుట్టి చాలా కాలమైనా, వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకో ఇంట్లో చెప్పలేదు.

అల్ ఘర్రాఫా

నన్ను పిలిచిన ఖతారీ ఆచార్యుడు అల్ ఘర్రాఫాలో తన ఇంటి పక్క గదిలోనే బస ఇచ్చాడు. ఇసుక రంగు ప్రహరీలు, వాటి వెనక విల్లాలు, మూల మీద ఇస్త్రీ దుకాణం, దాని పక్కన టీ కొట్టు. వీధిలో నడిచేది నేనొక్కణ్ణే. కార్లలో వాళ్ళు జాలిగా చూసి పోయేవారు.

ఆచార్యుడి ఇంటి డ్రైవర్ మహబూబ్ బాషా రాయచోటివాడు. నన్ను తిప్పే పని అతనికి పడింది.

"సార్‌ది యా ఊరు?"

"తెనాలి దగ్గర."

"డాక్టరని చెప్పినాడు మా బాబా. నాకీ మోకాలు గేరు మార్చేటప్పుడు కలుక్కుమంటాది సార్."

"ఆ డాక్టర్ని కాదు బాషా. మనుషులు ఏది ఎందుకు ఎంచుకుంటారో చదువుతాను."

"దానికి జీతమిస్తారా?"

"ఇస్తారు."

బాషా కాసేపు ఆలోచించాడు. "మా మామ పిల్లోళ్ళను తోలుకోని సూపర్ మార్కెట్‌కి పోతాది సార్. ఒక్క దినం మాతో రాండి. మీ పుస్తకం ఆడనే అయిపోతాది." ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తారు. యాభై దాటిన బాషా, తనకంటే చిన్నదైన ఇల్లాలిని మామా అంటుంటే నాకు అలవాటు కావడానికి రెండు రోజులు పట్టింది.

మొదటి సాయంత్రం ఆచార్యుడు తన మజ్లిస్‌కి పిలిచాడు. మజ్లిస్ అంటే మగ అతిథుల గది. గోడల వెంట దిండ్లు, మధ్యలో ఖర్జూరాలు. ఒకతను పొడుగు ముక్కు కూజాతో వచ్చి చెవి లేని చిన్న కప్పులో గహ్వా పోశాడు. పసుపుపచ్చగా, ఏలకుల వాసనతో, పంచదార లేకుండా ఉంటుంది. తాగి కప్పు చాచాను, తీసుకెళ్తాడని. మళ్ళీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. మర్యాదకి తాగుతూనే ఉన్నాను, అతను పోస్తూనే ఉన్నాడు. గుండె దడదడలాడుతోంది. ఆచార్యుడు మురిసిపోయి పక్కవాళ్ళకి చెబుతున్నాడు, ఈ భారతీయ ప్రొఫెసర్‌కి మా కాఫీ ఎంత నచ్చిందో చూడండని.

కారులో ఈ సంగతి చెబితే బాషా స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. "ఫింజాన్ ఊపాల సార్! చాలనుకుంటే కప్పు ఇట్ల ఇట్ల ఊపాల. ఊపకపోతే తెల్లార్లూ పోస్తానే ఉంటారు. నేను కొత్తగా వచ్చినప్పుడు బాబా వాళ్ళ నాయన ముందర తాగీ తాగీ బాత్‌రూమ్‌కి పరిగెత్తినా."

మా వైపు చాలనుకుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. ఆ చెయ్యి సంగతి తెలియనివాడు మా పెళ్ళి బంతిలో కూర్చుంటే, వీడికి గారెలంటే ఎంత ప్రాణమో అని చెప్పుకుంటాం. నాకు గహ్వా ఇష్టమన్న వార్త మర్నాడు సదస్సులో చాలామందికి తెలిసిపోయింది. ఎక్కడికి వెళ్ళినా కూజా నా దగ్గరికే ముందు వచ్చేది. వాళ్ళు అనుకున్నది తప్పని చెప్పడానికి సిగ్గేసింది. కప్పు ఊపడం మాత్రం నేర్చుకున్నాను.

అల్ రువైస్

శుక్రవారం అందరికీ సెలవు. గంగాధర్ ఉత్తరాన అల్ రువైస్ దగ్గర ఒక క్యాంప్‌కి బాస్‌గా ఉన్నాడని ఎవరో చెప్పారు. క్యాంప్ బాస్ అంటే పనివాళ్ళ గదులూ తిండీ సెలవులూ చూసుకునేవాడు. నెంబరు కూడా దొరికింది. ఫోన్ చేయలేదు. ఫోన్‌లో మొదటి వాక్యం ఏమిటో తేలలేదు.

దారి పొడవునా రెండు పక్కలా ఒకటే బోడి నేల. మధ్యలో టీ కొట్టు ముందు కారు ఆపి బాషా హారన్ కొడితే కొట్టతను కాగితం కప్పుల్లో కరక్ చాయ్ తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. రెండు రియాల్లు, మన లెక్కలో దగ్గర దగ్గర యాభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి నలుగురు తాగుతారన్నాను. "అట్ల లెక్క పెట్టుకుంటే ఈడ నీళ్ళు గుడ్క దిగవు సార్" అన్నాడు బాషా.

రువైస్ చిన్న రేవు. చెక్క పడవలు, ఎండుతున్న వలలు, మాట వినబడనివ్వని గాలి. బాషా జుమ్మా నమాజుకి వెళ్ళొచ్చేలోపు నేనొక పెద్ద హమూర్ చేప కొన్నాను. గంగాధర్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళలేక. బేరం ఆడకుండా అడిగినంతా ఇచ్చానని బాషా దెప్పడం మొదలుపెట్టాడు. ఐస్ పెట్టించడం మరిచిపోయానని తెలిశాక దెప్పడం మానేసి కిటికీలు దించాడు. "బాబా ముక్కు మంచి ముక్కు సార్. రేపు నా పని ఖల్లాస్."

క్యాంపులో గంగాధర్ లేడు. దక్షిణాన అల్ తుమామాకి బదిలీ అయ్యాడట. ఆ మాట చెప్పింది పోశెట్టి. జగిత్యాల వైపువాడు, నా వయసే ఉంటుంది, షట్టరింగ్ పని. ఒకప్పుడు నా పరిశోధనలోని మొదటి క్యాంపులో ఉన్నవాడు. నేను గంగాధర్‌కి పాఠం చెప్పినవాణ్ణని చెప్పగానే లేచి కుర్చీ తుడిచాడు.

"గంగన్న సారు మీరేనా? కూసుండ్రి, కూసుండ్రి."

"నా గురించి ఏమన్నా చెప్పాడా?"

"ఏం చెప్పడు సార్. గుచ్చి గుచ్చి అడిగితే, పాఠం మంచిగ చెప్తుండె అంటడు."

చేపకి గదిలోని ఫ్రిజ్‌లో చోటిచ్చారు. ఆ గదిలో ఆ రోజు సందడిగా ఉంది. లింబన్న అనే అతను సోమవారం సెలవు మీద ఊరెళ్తున్నాడు. తలుపు చట్రానికి తగిలించిన కొక్కెం కాటాకి అతని సంచీ వేలాడుతోంది. ఒక్కొక్కడూ ఒక పొట్లం తెచ్చి అందులో కుక్కుతున్నాడు. పాలపొడి డబ్బా, నొప్పుల బామ్, అత్తరు సీసా, పిల్లల బూట్లు. లింబన్న బట్టలు మంచం మీదే ఉన్నాయి, వాటికి సంచీలో చోటు లేదు.

"నీ బట్టలేవి రా?" ఎవరో అడిగారు.

"ఒంటి మీదున్నయి గదనే. గివే తొడుక్కొని పోత." అందరూ నవ్వారు.

ఊరికి వెళ్ళేవాడు అందరి సామానూ మోయాలి. మోయడమొక్కటే కాదు, ఇల్లిల్లూ తిరిగి చేతికివ్వాలి, ఇచ్చి వాళ్ళ ముందు కూర్చోవాలి. పోశెట్టి నాకు చెప్పింది అదే.

"గా పాత క్యాంప్ల మా ఊరోళ్ళం ముగ్గురం ఒక్కటే రూమ్ల ఉంటిమి సార్. ఫోర్‌మన్ పొద్దుగాల లైన్ల నిలవెట్టి, ఎవనికి సెలవు కావాలె అనేటోడు. ఎట్ల అడుగుతం? నేనొక్కన్ని పోతే ఆ ఇద్దరి పెండ్లాలు మా ఇంటి ముంగట నిలవడ్తరు. నువ్వొచ్చినవు గని మా ఆయనేడి, నీకిచ్చిన సెలవు ఆయనకెందుకియ్యలే అంటరు. ఏం చెప్పాలె? అడగలేదు అంటే, ఎందుకడగలే, ఆడ ఎవ్వతినన్న పెట్టుకున్నడా అంటరు. అందుకే వాళ్ళు ముందు అడగాలె అని నేను, నేను ముందు అడగాలె అని వాళ్ళు."

"మూడేండ్లు గట్లనే సూసుకుంట కూసున్నరు సార్" అన్నాడు లింబన్న. "మస్తు దోస్తులు."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు వంతు గద. గంగన్న పెట్టిచ్చిండు. వద్దన్నా పంపుతరు. ఊర్ల ఎవలన్న అడిగితే, కంపెనీ తోలింది, నేనేం జేయాలె అంటం. నా మీదికి రాదు" అన్నాడు పోశెట్టి.

గంగాధర్ అప్పట్లో నాకు చెప్పింది ఇదే. ఇంచుమించు ఇవే మాటలు. నా గదిలో, నా బల్ల ముందు నిలబడి చెప్పాడు. ఫ్యాను తిరుగుతోంది, నేను ఒక పక్క ఈ-మెయిల్ చూసుకుంటున్నాను.

"సారు హైద్రాబాద్ ఎన్నడు పోతున్నరు?" పోశెట్టి అడిగాడు.

"మంగళవారం."

గదిలో వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను ఏమీ అనకముందే నా ఒడిలో ఒక దుప్పటి మూట ఉంది. పోశెట్టి తల్లికి. హైదరాబాదు తిరిగొచ్చాక ఆ దుప్పటి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. గల్ఫ్ అంతా వాళ్ళకి దుబాయే. "దుబాయ్ల మావోడు ఎట్లున్నడు బిడ్డా?" అని ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బాగున్నాడని చెప్పాను, ఆమె మళ్ళీ అడిగింది. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నారు, తమవాళ్ళ గురించి కూడా చెబుతానేమోనని. అరగంటకే నాకు పారిపోవాలనిపించింది.

ఆ శుక్రవారం క్యాంపు నుంచి వచ్చేసేముందు పోశెట్టి తన ఫోన్‌లో గంగాధర్‌ని పిలిచి, "అన్నా, మీ సారొచ్చిండు" అంటూ నా చెవికి ఆనించాడు.

"ఎలా ఉన్నావు?" అన్నాను.

"మంచిగున్న సార్" అన్నాడు గంగాధర్. "రేపు ఇటు రండ్రి. తిందురు గని."

అల్ తుమామా

అల్ తుమామాలో అరబ్బుల తలటోపీ ఆకారంలో కట్టిన స్టేడియం ఒకటి ఉంది. దూరం నుంచి ఎవరో బోర్లించి మరిచిపోయినట్టు కనిపిస్తుంది. దానికి కొంత దూరంలో కంపెనీ స్టాఫ్ గదులు. తలుపు తీసిన మనిషిని ముందు గుర్తుపట్టలేదు. జుట్టంతా తెల్లబడింది. కంపెనీ చొక్కా మీదే వంట చేస్తున్నాడు.

రాత్రంతా రువైస్ ఫ్రిజ్‌లో ఉండి, పొద్దున్నే కంపెనీ బస్సులో దిగిన నా చేప అప్పటికే అతని గిన్నెలో ఉంది. పక్కన జొన్నరొట్టెలు, పుంటికూర పచ్చడి.

"మీరు గోంగూర అంటరు గద సార్. ఈడ కట్ట కొనాలంటే గుండె గట్టిగుండాలె."

బాషా నాకంటే ముందే కూర్చున్నాడు. కారు వాసన గురించి బాబా ఏమన్నాడో చెప్పి గంగాధర్‌ని బాగా నవ్వించాడు. నేను రెండు మూడు సార్లు మొదలుపెట్టాను. "గంగాధర్, ఆ రోజు సెమినార్‌లో..." అన్న ప్రతిసారీ రొట్టె వచ్చి పడింది. "తినుండ్రి సార్, సల్లారుతది."

చివరికి చేతులు కడుక్కున్నాక అతనే అన్నాడు. "సార్, మీరు ఏం చెప్పనీకి వచ్చిన్రో నాకు ఎరుకే. ఈడ చెప్పకుండ్రి."

"ఎందుకు?"

"ఈడ ఎవరున్నరు? మీరు, నేను, బాషా భాయ్. నేను చెప్పిన అని నాకు ఎరుకే, మీకు ఎరుకే. బాషా భాయ్‌కి ఎందుకు? ఎరుక లేనోళ్ళు ఆ రూమ్ల ఉన్నోళ్ళు."

బాషా లేచి గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయాడు. కుళాయి అవసరం కంటే గట్టిగా తిప్పాడు.

గంగాధర్ గొంతు తగ్గించాడు. "నా బిడ్డ ఈ ఏడు మీ డిపార్ట్‌మెంట్ల చేరింది సార్. స్రవంతి."

నాకు తెలియదు. మొదటి ఏడాది క్లాసుకి నేను వెళ్ళను.

"అక్కడే ఎందుకు చేర్పించావు?"

"నేను చేర్పియ్యలే. ఆమెనే చేరింది. పోయిన నెల క్లాస్ల ఒక సారు అన్నడంట, మీ నాయిన పేరు ఈడ అందరికీ ఎరుకే అని. పోరగాళ్ళు ఏందేందని అడిగిన్రంట, ఆయన నవ్విండంట. రాత్రి ఫోన్ జేసింది. నాయినా, నువ్వు నిజంగ చెప్పినవా అని." గంగాధర్ నా వైపు చూడలేదు. "ఇన్నేండ్లు ఎవ్వడేమన్నా నాకు గంత కాలే సార్. నా బిడ్డ గూడ అడగాల్సి వచ్చింది."

నేను చెప్పగలిగిన మాటలన్నీ ఆ గదిలో చెప్పడానికి పనికిరానివే. అప్పుడు నా రెండు బార్ల బొమ్మ గురించి అడిగాను, అతను దాన్ని ఇప్పుడేమంటాడని.

"మీ బొమ్మ తప్పు గాదు సార్. గా రెండో క్యాంప్ పద్ధతే నేను ఈడ పెట్టిచ్చిన. మస్తు నడుస్తున్నది. బొమ్మ కింద మీరు చెప్పే మాటనే తప్పు."

రేపటి ఉపన్యాసానికి రమ్మన్నాను. డ్యూటీ ఉంటదన్నాడు.

చివరి రోజు, దోహా

ఆదివారం ఇక్కడ పనిదినం. హాలు సగానికి పైగా నిండింది. అక్కడ సెలవైనా, హైదరాబాదు నుంచి మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆన్‌లైన్‌లో చూస్తున్నారు. పక్క గోడ మీది తెరలో చిన్న చిన్న గళ్ళల్లో మొహాలు. ఆనాటి సెమినార్ గదిలో ఉన్నవాళ్ళు కొందరు రిటైరయ్యారు. మిగిలినవాళ్ళు ఆ గళ్ళల్లో ఉన్నారు. ఒక గడిలో మొదటి ఏడాది విద్యార్థులు ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. వాళ్ళల్లో స్రవంతి ఎవరో నాకు తెలియదు.

వెనక వరుసలో, బాషా పక్కన, కంపెనీ చొక్కాలో గంగాధర్ కనిపించాడు. డ్యూటీ ఎలా మార్చుకున్నాడో అడగలేదు. గహ్వా కూజా అలవాటుగా ముందు నా దగ్గరికే వచ్చింది. నీళ్ళు చాలన్నాను.

రెండు బార్ల బొమ్మ వచ్చింది. పాటలూ నిర్ణయాలూ అన్న మాట అనాల్సిన చోటు. నోరు దానంతటదే ఆ వాక్యం వైపు వెళ్ళబోయింది, అన్నేళ్ళ అలవాటు. ఆపుకున్నాను. ఇంగ్లీషులోనే చెప్పాను. ఈ బొమ్మ కింద నేనిన్నేళ్ళూ చెప్పింది తప్పు. ఈ మనుషులు ఇంటిని వద్దనుకోలేదు, పక్క మంచం మీదివాణ్ణి దాటి ముందుకు వెళ్ళలేకపోయారు. ఇది కనిపెట్టింది నేను కాదు, నా విద్యార్థి గంగాధర్. వ్యాసం అచ్చుకి వెళ్ళకముందే నాకు చెప్పాడు. నేనే తీసేయించాను. తర్వాత మా డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో, నాకు చెప్పావా అని పరీక్షకుడు అడిగితే, చెప్పానన్నాడు. అది నిజం. నిజమని నేను అనాల్సిన చోట కళ్ళజోడు తుడుచుకున్నాను. అందువల్ల ఆ గదిలో ఉన్న మీరు ఆయన్ని అబద్ధాలకోరు అనుకున్నారు. ఇప్పటికీ అంటున్నారు. ఇక అనకండి.

హాల్లో ఎవరో దగ్గారు. తెర మీది గళ్ళల్లో ఒకటి రెండు ఆరిపోయాయి. విద్యార్థుల గడిలో ఒకమ్మాయి లేచి నిలబడింది.

మిగిలింది తెలుగులో చెప్పాను. చెప్పిన వరస సరిగా గుర్తులేదు. ఈ మాటలు మాత్రం ఇవే.

"గంగాధర్, నువ్వు చెప్పింది నిజమని తెలిసి కూడా అంతమందిలో నిన్ను ఒంటరిగా నిలబెట్టాను. నీ చదువు పోగొట్టాను, నీ పేరు పోగొట్టాను. నీ కూతురు నిన్ను ఆ ప్రశ్న అడగాల్సి వచ్చిందంటే దానికి కారణం నేనే. నన్ను క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను. ఇప్పుడే జవాబు చెప్పాలని లేదు, ఎప్పటికీ చెప్పకపోయినా సరే. నువ్వేమీ అనకపోతే మాత్రం, ఒప్పుకున్నావని అనుకోను."